ఖాకీ కాగితం కింద చిన్నమ్మమ్మ

సాండీ బెండ్,
3 జూలై 1996, బుధవారం.

గౌరవనీయులైన సిస్టర్ బెనిగ్నస్ గారికి,

మీ పాత శిష్యురాలు లియోనీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మమ్మ, అమ్మమ్మ మోకాళ్లు, పదకొండు కోళ్లు, నేను, అందరం కులాసా. మోకాళ్లు మాత్రం ఈ చలికి కాస్త సణుగుతున్నాయి. తుంటి ఆపరేషన్ తర్వాత మీరు కర్ర లేకుండా ప్రార్థన గది దాకా నడుస్తున్నారని చదివి వినిపిస్తే అమ్మమ్మ తెగ సంబరపడింది. "ఆవిడ నడుస్తోందంటే సిడ్నీలో ఎవరికో చీవాట్లు మొదలైనట్టే" అంది. ఈ మాట మీకు రాయొద్దని కూడా అంది.

మీ ఉత్తరం సోమవారం చేరింది. కొత్త షెడ్డుకు పేరు పెట్టిన రోజు ఫొటో పంపమన్నారు. ఇందులో పెడుతున్నాను. చూడగానే మీకు మూడు అనుమానాలు వస్తాయి. బోర్డు మీద పై వరుస అక్షరాలు అచ్చు వేసినట్టుండి, కింది వరుస కోడి కెలికినట్టు ఎందుకుంది? ఫాదర్ ముల్కాహి చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఎందుకున్నాయి? ప్రిన్సిపాల్ టియర్నీ సారు నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా? మూడింటికీ కారణం ఒక్కటే, నేను. జరిగిందంతా మీకు నా చేత్తోనే రాయాలని అమ్మమ్మ తీర్పు చెప్పింది. పైకోర్టు లేదు కనుక రాస్తున్నాను.

ఎవరి పేరు పెట్టారో మీకు తెలుసు. అమ్మమ్మ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ. ఇరవై ఆరేళ్లు ఆదివాసులకు కట్టించిన మిషన్ ఇళ్ల నుంచి మన పిల్లల్ని బస్సులో స్కూలుకు తెచ్చి, సాయంత్రం ఎవరి గుమ్మంలో వాళ్లను దింపిన మనిషి. ఫిబ్రవరిలో ఆమె పోయినప్పుడు మీరు ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. మీరు పంపిన పూలు పెట్టె మీదే పెట్టాం. మన ఆదివాసీ కూరీ వాళ్లూ, పట్నం తెల్లవాళ్లూ కలిసి ఆ రోజు చర్చిలో నిలబడ్డానికి చోటు లేదు.

నా సంగతి మీకు చెప్పక్కర్లేదు. చర్చి వెనక చెక్క అరలో మీరు పెట్టే కరపత్రాలు నేను పదేళ్లకే నమిలేశాను. ఇప్పుడు భూమి హక్కుల వాళ్లవి, కార్మిక సంఘం వాళ్లవి, వైద్యశాల బల్ల మీద పడి ఉన్నవి, ఏవి దొరికినా ఇంటికొస్తాయి. మంచం కింద రెండు అరటిపళ్ల పెట్టెలు నిండిపోయాయి. అమ్మమ్మ వాటిని "దాని మేత" అంటుంది. జనవరి నుంచి మన సెయింట్ కొలంబా స్కూల్లోనే కూరీ పిల్లలకు సహాయ టీచరుగా ఉన్నాను గదా, ఆ మేతంతా ఇప్పుడు ఉపాధ్యాయుల గదిలో నెమరు వేస్తున్నాను. వాళ్ల కష్టం వాళ్లది.

మే నెలలో ఒక మంగళవారం సమావేశం పెట్టారు. టియర్నీ సారు వచ్చి రెండేళ్లు కాలేదు, సముద్రం వైపు మనిషి, మెత్తటివాడు. ఆదివాసుల పండుగ నైడాక్ వారాన్ని దేశమంతా జూలైలో జరుపుతుంది, అప్పుడు మనకు సెలవులు, అందుకని ఎప్పట్లాగే మనం ముందే, టర్మ్ ఆఖరి రోజు జూన్ 28న చేద్దామన్నారు. కొత్త రేకుల షెడ్డుకు చిన్నమ్మమ్మ పేరు పెడదాం, నిలువెత్తు ఫొటో పెడదాం, బోర్డు మీద గుడ్డ అమ్మమ్మ చేత తీయిద్దాం అన్నారు. అక్కాచెల్లెళ్లు ఏడుగురిలో ఇప్పుడు మిగిలింది అమ్మమ్మ ఒక్కతే కదా. అందరూ తలలూపారు. సారు ఆ పేరు మళ్లీ పలికారు, మూడోసారి కూడా పలికారు.

నేను లేచి బల్ల గుద్దాను. ఎవరిదో టీ బిస్కట్ల మీద ఒలికింది. "పోయిన మనిషి పేరు పలకడం, బొమ్మ చూపించడం మా వాళ్ల పద్ధతికే విరుద్ధం! రెండు వందల ఏళ్లు మేం మాట్లాడాల్సిన చోట మా నోరు నొక్కారు. ఇప్పుడు మౌనంగా ఉండాల్సిన చోట మైకు పెడతారా?" అన్నాను. ఆ వాక్యం అప్పటికప్పుడు తట్టింది సిస్టర్. ఇప్పటికీ బాగుందనే అనుకుంటున్నాను. తప్పు వాక్యానిది కాదు.

సారు మొహం పాలిపోయింది. "లియోనీ, ఇది మీ కుటుంబం మాటేనా?" అని మెల్లగా అడిగారు. "నేను కుటుంబం కానా ఏంటి?" అన్నాను. పాపం ఆయన పుస్తకం తీసి, 'కుటుంబం కోరిక' అని రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.

నా చేతిలో ఉన్న కరపత్రం ఉత్తరాన ఎడారి మనుషుల గురించి. వాళ్లలో మనిషి పోతే కొంతకాలం ఆ పేరు పలకరు, ఫొటో ఉంటే కప్పేస్తారు, అదే పేరున్న వాళ్లను వేరే పేరుతో పిలుస్తారు. ఎంత గొప్ప మర్యాద! మా ఇంట్లో ఇందుకు పూర్తిగా ఎదురని నాకు తెలియక కాదు. నది ఒడ్డుకు వెళ్తే అమ్మమ్మ ముందు చేసే పని, పోయిన వాళ్లందరినీ పేరుపేరునా గొంతెత్తి పిలిచి, వచ్చాం అని చెప్పడం. కానీ నేనేం అనుకున్నానంటే, మనదీ ఒకప్పుడు ఆ మౌనమే అయి ఉంటుంది, మిషన్ అధికారులు కొట్టి మరిపించి ఉంటారు, దాన్ని మళ్లీ నిలబెట్టే భారం చరిత్ర నా భుజాల మీద పెట్టింది అని. అమ్మమ్మను అడగాలని తోచలేదు. చరిత్ర భుజాల మీద ఉన్నప్పుడు వంటింట్లోకి ఎవరు వెళ్తారు?

ఇక స్కూలు నా మాట పాటించిన తీరు మీరు చూడాల్సింది. నడవలో ఫొటోలు ఉన్నాయి కదా, ఏ ఏడాది ఫొటో తీసినా వెనక బస్సు, బస్సు పక్కన ఆమె. కత్తిరింపులూ జిగురు టేపూ తెచ్చి, పద్నాలుగు ఫొటోల్లో పద్నాలుగు చోట్ల ఖాకీ కాగితం ముక్కలు అంటించారు. చిన్నపిల్లలు కాగితం వెనక బహుమతులున్నాయని గోళ్లతో గీకి చూశారు. చర్చి వారపత్రికలో పోయినవారి కోసం ప్రార్థన అని వేసే చోట ఆమె పేరు తీసేసి చుక్కలు పెట్టారు. ఫాదర్ ముల్కాహి ఆదివారం పూజలో ఆ చోటికి వచ్చేసరికి ఆగి, గొంతు సవరించుకుని, "ఇంకా, మనందరికీ తెలిసిన ఆ మనిషి ఆత్మశాంతి కోసం" అన్నారు. వెనక బెంచీలో ఒక ముసలాయన "ఎవరూ?" అని గట్టిగానే అడిగాడు. ఫాదర్ తరువాతి కీర్తనలోకి దూకేశారు. ఆ నెలంతా మోకాళ్ల నొప్పితో అమ్మమ్మ పూజకు రాలేదు, లేకపోతే అక్కడే తేలిపోయేది.

అన్నింటికన్నా విడ్డూరం చిన్నమ్మమ్మ మునిమనవరాలి కథ. ఆరేళ్లది, ఒకటో తరగతి. దానికి ముత్తవ్వ పేరే పెట్టారు. ఆ పేరు పలకకూడదు గనుక హాజరు పిలిచేటప్పుడు టీచరు దాని దగ్గరికొచ్చి, ఆగి, చిరునవ్వు నవ్వి, తల ఊపి, తరువాతి పేరుకు వెళ్లిపోయేది. అది కూడా లేచి నిలబడి, చిరునవ్వు నవ్వి, తల ఊపి కూర్చునేది. నెల రోజులు.

నాకేమో ఒళ్లంతా గర్వం. నా మాటకు ఒక స్కూలు స్కూలంతా కదిలింది గదా.

గురువారం, అంటే పండుగ ముందు రోజు, అమ్మమ్మ పొద్దున్నే స్కూలుకు బయల్దేరింది. మర్నాటికి జానీకేకులు కాల్చాలి, నాలుగు వందల రొట్టెలకు పిండి కలిపే మనిషి మిషన్ మొత్తంలో ఆమే. సంచిలో శుభ్రమైన ఏప్రను, మెళ్లో పండుగకు దాచుకున్న ఊదా కండువా. దుప్పట్లో దూరి కరపత్రం చదువుకుంటున్న నన్ను చూసి, "లేవవే కలెక్టరూ, రేపు మీ చిన్నమ్మమ్మకి పెళ్లి" అంది. అంత సంతోషంగా ఉంది మనిషి.

నడవలో మొదటి ఫొటో దగ్గర ఆగిందట. తరువాత రెండోది. పద్నాలుగూ చూసిందట. అప్పుడే ఒకటో తరగతి పిల్లలు నీళ్లు తాగడానికి బయటికొచ్చారు. మునిమనవరాలు పరిగెత్తుకొచ్చి కాళ్లు చుట్టేసి, "అవ్వా, నాకు పేరు లేదు తెలుసా? టీచర్ తీసేసింది" అని సంబరంగా చెప్పిందట. దానికదో ఆట.

అమ్మమ్మ సంచిలోని ఏప్రను తీయకుండానే వెనక్కి తిరిగి, ఆ మోకాళ్లతోనే నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికి వచ్చేసింది. దారిలో టియర్నీ సారు కారాపితే వద్దని చెయ్యి ఊపిందట. సారు దాన్ని పెద్దవాళ్ల మర్యాద అనుకున్నారట.

మూడున్నరకు నేను ఇల్లు చేరేసరికి పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని ఉంది. టీ పెట్టుకోలేదు. అమ్మమ్మ టీ పెట్టుకోలేదంటే ఇంట్లో ఎవరో పోయినట్టు. "మనవాళ్లెవరూ రేపు వెళ్లట్లేదు. అందరికీ చెప్పేశా" అంది. నిజంగానే చెప్పేసింది. అప్పటికే విందుకు కంగారూ తోకలు తెస్తామన్న వాళ్లు తోకలు, నాట్యం చేస్తామన్న పిల్లలు నాట్యం వెనక్కి తీసుకున్నారు. మిషన్ నుంచి ఒక్క కారు కదలదు.

ఎందుకు అని అడిగాను, ఏమీ తెలియనట్టు. అప్పుడు చెప్పింది సిస్టర్, నాకు ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి. మీరు రాకముందు, పెద్ద యుద్ధం రోజుల్లో, అక్కాచెల్లెళ్లిద్దరూ మీ కాన్వెంటులో బట్టలుతికే గదిలో పనిచేశారట. చిన్నమ్మమ్మకు పదమూడేళ్లు, ఈమెకు పదిహేను. ఏప్రన్లు తగిలించే మేకుల మీద 'ఉతుకుడు పిల్ల ఒకటి', 'ఉతుకుడు పిల్ల రెండు' అని రాసి పెట్టారట. అలాగే పిలిచేవాళ్లట, అయిదేళ్లు. "పైగా నేను పెద్దదాన్నా, నన్ను రెండు చేశారు. ఒకటీ, నీళ్లు తే. రెండూ, దుప్పట్లు పిండు. నీ మీద నాదే పైచేయి అని అది ఎన్నేళ్లు ఏడిపించిందో నన్ను" అని ఒక్క క్షణం నవ్వింది కూడా.

తరువాత మీ గురించి చెప్పింది. మీరు ప్రిన్సిపాల్‌గా వచ్చిన రెండో ఏడాది చిన్నమ్మమ్మకు బస్సు తాళాలిచ్చి, నీ పూర్తి పేరు చెప్పు అని అడిగారట. ఎందుకని అడిగితే తెల్ల రంగు, సన్న కుంచె తెచ్చి, డ్రైవరు తలుపు మీద ఆ పేరంతా స్వయంగా రాశారట. మా చిన్నమ్మమ్మ ఆ తలుపును వారం రోజులు కడగలేదట, ఎక్కడ చెరిగిపోతుందోనని. "ఆ సిస్టరు రాసింది. ఇప్పుడు వీళ్లు కాగితం అంటించారు. చచ్చాక మళ్లీ ఒకటో నంబరు చేశారు దాన్ని" అంది.

అంటించింది వాళ్లు కాదు, నేను అని చెప్పాల్సిన క్షణం అదే. పొయ్యిలో కట్టె సర్దాను. కోళ్లకు నీళ్లు పెట్టాలని లేచాను. ఊళ్లో ప్రతి అన్యాయం మీదా గొంతు చించుకునే నేను నీళ్ల బకెట్టు పట్టుకుని పెరట్లోకి పారిపోయాను.

పది నిమిషాల్లో ఇంటి ముందు కారు ఆగింది. టియర్నీ సారు, ఫాదర్ ముల్కాహి. సారు చేతిలో క్రీము కేకు ఉంది. తోకలు రావట్లేదని ఎవరో చెప్పారట. "అమ్మా, మా వల్ల ఏం తప్పు జరిగింది?" అని గుమ్మంలోనే అడిగారు. అమ్మమ్మ లేవకుండా, "నా చెల్లెలి మొహం మీద కాగితం అంటించి, తప్పేంటి అంటావేంటయ్యా? దాన్ని చూస్తే అంత సిగ్గేస్తే, షెడ్డుకు దాని పేరెందుకు?" అంది. సారు కళ్లు తిరిగి పడిపోతారనుకున్నాను. "మీ కోరికే కదండీ! మీ కుటుంబమే కదా అలా చేయమంది!" అన్నారు.

"ఏ కుటుంబం?"

సారు నన్ను చూశారు. ఫాదర్ నన్ను చూశారు. బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డ నన్ను నా వెనకున్న కోళ్లు కూడా చూశాయనిపించింది. "పట్రా, ఏ కాగితమో" అంది అమ్మమ్మ. తెచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, విసుగొచ్చి ఫాదర్ చేతికిచ్చింది. ఆయన పూజలో చదివినట్టు రాగం తీస్తూ మొదటి నుంచి చివరిదాకా చదివారు. అట్ట వెనక అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. 'ఈ పద్ధతులు ఊరికొకటి, ఇంటికొకటి. ముందు ఆ ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి.' ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. రెండోసారి అవసరం లేదని నా అభిప్రాయం.

ఆ వాక్యం చూడలేదు అన్నాను.

"ఈ ఎడారి వాళ్లు ఎంత దూరం ఇక్కడికి?" అమ్మమ్మ. మూడు వేల కిలోమీటర్లు అన్నాను. "వాళ్ల పెద్దవాళ్లెవరైనా వచ్చి నీకు చెప్పారా, మా పద్ధతి మీ ఇంట్లో పెట్టుకోమని?" లేదన్నాను. "మరి మీ ఇంటి పెద్ద ఇదిగో, పొయ్యి దగ్గరే ఉంది. నీ మంచం నుంచి పదడుగులు. అడగడానికి ఎంత దూరం అయిందే నీకు?"

సారు నా తరఫున ఏదో చెప్పబోయారు. అమ్మమ్మ ఆయన వైపు తిరిగింది. "నువ్వాగు నాయనా, నీ వంతుకూ వస్తా. రోజూ పొద్దున నా గుమ్మం ముందు నుంచే కారులో పోతావు. ఒక్కసారి హారన్ కొట్టి, ఏమమ్మా ఇది నిజమేనా అంటే నీ నోటి ముత్యాలు రాలతాయా?" అంది. "గౌరవంగా దూరంగా ఉండాలనుకున్నానండీ" అన్నారాయన, నిజాయితీగానే. "దూరంగా ఉంచడం మాకు పాత సంగతేలే. దగ్గరికి రావడం నేర్చుకో. ఆ కేకేంటి, చేత్తో పట్టుకుని నిలబడటానికా, తినడానికా?"

అప్పుడు టీ పెట్టింది. నాకు ఊపిరి వచ్చింది.

ఇంకో గండం ఉంది. బోర్డు అప్పటికే రాయించేశారు, పక్క ఊరి పెయింటరు చేత, బంగారు అంచుతో. ఏం రాశారు అని అమ్మమ్మ అడిగితే సారు నేల చూస్తూ చెప్పారు. 'మేమంతా మనసారా గౌరవించే ఒక మహిళ పేరిట ఈ షెడ్డు.' "ఎవరది, మరియ తల్లా?" అంది అమ్మమ్మ. ఫాదర్‌కు కేకు గొంతుకు అడ్డం పడింది. సారు వీపు చరిచారు. అమ్మమ్మ నవ్వడం మొదలుపెట్టింది, మోకాళ్లు పట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ. "అది వినుంటే బస్సు పక్కకాపి నవ్వేది" అంది.

మర్నాడు గడ్డి మీద మంచు కరక్కముందే మిషన్ కదిలింది. ముందు నడవ సంగతి. పద్నాలుగు కాగితాలు పీకే పని పిల్లలకు అప్పగిస్తే అర నిమిషంలో అయిపోయింది. తరువాత బోర్డు. బంగారు అంచు వాక్యాన్ని చెరపొద్దంది అమ్మమ్మ. "అబద్ధమేం కాదుగా అది, సగం మాట. మిగతా సగం మనం రాద్దాం" అంది. కింద ఖాళీలో మిషన్ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో అక్షరం, పసుపు రంగుతో రాశారు. నిచ్చెన కింద రంగు డబ్బా పట్టుకునే పని ఫాదర్‌ది. ఒక పిల్లవాడు పైనుంచి కుంచెతో పాటు జారి ఆయన మీద పడ్డాడు. వాడికేం కాలేదు. ఆ చేతులతోనే పూజ చేశారు. బోర్డు మీద మధ్యలో ఒక అక్షరం అద్దంలోలా తిరగబడి ఉంటుంది, చూడండి. అది మునిమనవరాలిది. సరిచేద్దామంటే ఒప్పుకోలేదు, ఇది నా పేరు కూడా, నా ఇష్టం అంది.

పదకొండు గంటలకు అమ్మమ్మ గుడ్డ లాగింది. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే చెయ్యెత్తి ఆపింది. బోర్డుకు వీపు పెట్టి, నది వైపు తిరిగి, ఊదా కండువా సర్దుకుని, చెల్లెలిని పిలిచింది. అదేం మైకుల్లో చెప్పే పేరు కాదు సిస్టర్. పొద్దున్నే పక్కింటి వాకిట్లోంచి, ఏమే వస్తున్నావా లేదా అని పిలిచే పిలుపు. తరువాత పిల్లలవైపు తిరిగి, "మీ బస్సు డ్రైవరు కదర్రా! చెవుడు కూడా ఉంది దానికి. గట్టిగా!" అంది. నూట పన్నెండు మంది పిల్లలు, తెల్లా నల్లా అని లేకుండా, ఒక్కసారి పిలిచారు. మిరియపు చెట్టు మీది గులాబీ కాకతువ్వలన్నీ ఒక్కసారి లేచాయి. సారు నవ్వుతూ ఏడ్చింది అప్పుడే. నేనూ అరిచాను.

ఆ వెంటనే ఒకటో తరగతి టీచరు అందరి ముందు హాజరు పట్టీ తెరిచి ఒక్క పేరు పిలిచింది. "ఉన్నాను! ఉన్నాను! ఉన్నాను!" అని గంతులు వేసింది చిన్నది. నెల రోజుల బాకీ అంతా తీర్చేసుకుంది. తరువాత తోకలు, జానీకేకులు, చెరకు పాకం, సాసేజీలు, నాట్యం. ఫాదర్ కూడా పసుపు చేతులతో పిల్లల వెనక కొంగలా నడిచారు. మనవాళ్లు కొంగ నాట్యంలో ఆయనకు పదికి రెండు మార్కులిచ్చారు.

నాకు శిక్ష పడింది. ఒకటి, ఈ ఉత్తరం. రెండు, ఈ సెలవుల్లో మిషన్‌లో ప్రతి ఇంటికీ వెళ్లి, పోయినవాళ్లను మీరెలా తలుచుకుంటారు అని పెద్దవాళ్లను అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి, స్కూలు కోసం మన సొంత కరపత్రం తయారుచేయడం. మధ్యలో మాట్లాడకూడదు, బల్ల గుద్దకూడదు. ఏడు ఇళ్లయ్యాయి. ఏడు ఇళ్లకూ ఏడు పద్ధతులు! చివరి ఇంటి ముసలాయన భార్య ఫొటోను ఏడాది పాటు గోడవైపు తిప్పి ఉంచుతాడు, ఎవరూ ముట్టుకోకూడదు. కంచె ఇవతలి ఇంట్లో పోయినావిడ అక్క, తన దగ్గరున్న అదే ఫొటో ముందు పుట్టినరోజు కేకు కోస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు తప్పు పట్టరు. నేనే ఇద్దరి మధ్యా నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇది ఏ కరపత్రంలోనూ లేదు సిస్టర్. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఇదంతా ఇక్కడే, పదడుగుల్లో ఉండగా నేను ఇన్నాళ్లూ ఏం చదివానా అని.

చలి తగ్గాక, సెప్టెంబరులో మిమ్మల్ని తీసుకొస్తానని సారు అంటున్నారు. అమ్మమ్మ మీ గది సర్దడం మొదలుపెట్టింది. మీ కాళ్ల కింద మంచి దిండు, మీ మీద మంచి దుప్పటి ఉండాలని కోరుకుంటూ,

మీ మొండి శిష్యురాలు,
లియోనీ

తా.క. పొద్దున పోస్టులో వేయాల్సిన కవరు మళ్లీ చింపాను. ఇందులో రెండు అబద్ధాలున్నాయి, మీకు పంపలేకపోయాను.

కరపత్రం అడుగున ఉన్న ఆ చిన్న వాక్యం నేను చూశాను. మొదటిసారి చదివినప్పుడే చూశాను. పెద్దల్ని అడగండి అని ఉంది, అడిగితే అమ్మమ్మ ఏమంటుందో నాకు తెలుసు. అందుకే అడగలేదు. చరిత్ర, భుజాలు, అవన్నీ తరువాత కట్టిన మాటలు. ఫిబ్రవరి నుంచి ఎవరు ఆ పేరు పలికినా ఏడుపొస్తుందని పక్కకు తప్పుకునేదాన్ని. అమ్మ నన్ను మూడేళ్లప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాక, రోజంతా నన్ను బస్సు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పింది చిన్నమ్మమ్మే. ఆ కరపత్రం నాకు ఊరికే దొరకలేదు సిస్టర్. పలకొద్దు అని చెప్పేది ఏదైనా ఉందా అని వెతుక్కుని తెచ్చుకున్నాను. నా ఏడుపు దాచుకోవడానికి స్కూలందరి నోరూ మూయించాను.

శుక్రవారం నేను అరవలేదు. పెదాలు కదిపానంతే. అమ్మమ్మ చూసింది.

ఇప్పుడే కోళ్లకు గింజలు వేసి, ఆ పేరు పిలుద్దామని నది దాకా వెళ్లొచ్చాను. మొదటిసారి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది. అవతలి ఒడ్డున చేపలు పట్టే ఆయన, "ఏమ్మా, ఎవరిని?" అని కేకేశాడు. చెప్పాను. మీకూ రాస్తున్నాను.

డల్సీ. డల్సీ మే కోలిస్. మా చిన్నమ్మమ్మ డల్సీ.